అప్‌డేట్: పిల్లికన్ను నెబ్యులాలో ఆక్సిజన్ ఎంత?

పిల్లికన్ను నెబ్యులా (ఎన్‌జీసీ 6543; అంతిమ దశలోని నక్షత్రం వెదజల్లిన వాయుమేఘం) వర్ణపటంలో 5007 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యం వద్ద ఉండే ఆక్సిజన్ రేఖ హైడ్రోజన్ బీటా రేఖకన్నా ఆరేడు రెట్లు ప్రకాశవంతంగా ఉంది కాబట్టి అక్కడ ఆక్సిజనే ఎక్కువా అని ఇదివరకు అడిగాను. రేఖ ప్రకాశం పరమాణువుల సంఖ్యతో పాటు ఉష్ణోగ్రతపైనా బలంగా ఆధారపడుతుందని, ఆ ఉష్ణోగ్రత తెలియాలంటే ముందు ఆక్సిజన్‌దే అయిన 4363 రేఖను కొలవమని సమాధానం వచ్చింది.

ఆ సలహా ప్రకారమే చేశాను. 4363 రేఖ చాలా బలహీనం. పక్కనే 4340 వద్ద ఉండే హైడ్రోజన్ గామా రేఖ నుంచి దాన్ని విడదీయడానికే ఎక్కువ శ్రమ పట్టింది. నక్షత్రాంతర ధూళి వల్ల నీలి కాంతి తగ్గిపోతుంది కనుక, హైడ్రోజన్ ఆల్ఫా, బీటా రేఖల నిష్పత్తి సుమారు 2.86 ఉండాలన్న సిద్ధాంతం ఆధారంగా సవరించాక, ఆక్సిజన్ 4959, 5007 రేఖలతో పోల్చి చూస్తే ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత (వాయువులోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత) దాదాపు 8,000 కెల్విన్‌లుగా తేలింది. ఆ లెక్కన పదివేల హైడ్రోజన్ పరమాణువులకు ఆక్సిజన్ పరమాణువులు ఐదారుకు మించవు.

మిగిలిన చిక్కు ఒకటే: ఆక్సిజన్ పునఃసంయోగ రేఖలతో (అయాన్లు ఎలక్ట్రాన్లను తిరిగి పట్టుకున్నప్పుడు వెలువడే రేఖలతో) లెక్కిస్తే విలువ ఇంతకన్నా చాలా ఎక్కువగా వస్తుంది, దానికి కారణం నిపుణుల మధ్య ఇంకా చర్చలోనే ఉంది.