సూడాన్: పర్మిషన్ వచ్చేదాకా లారీలు సరిహద్దులో ఆగాల్సిందేనా?

బెజవాడ_పద్మ:

సూడాన్ యుద్ధం గురించి మన పేపర్లలో లోపలి పేజీలో నాలుగు లైన్లు వస్తే ఎక్కువ. అందుకే ఇక్కడ పెడుతున్నాను. 2023 ఏప్రిల్ 15న ఖార్తూమ్‌లో జనరల్ బుర్హాన్ సైన్యానికీ, హెమెద్తీ నడిపే ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పారామిలిటరీ దళానికీ మధ్య మొదలైంది ఇది. ఇప్పుడు అక్కడ సుమారు 3 కోట్ల మందికి బయటి సాయం లేకపోతే గడవదు. పశ్చిమాన దార్ఫూర్ దాదాపుగా ఆర్‌ఎస్‌ఎఫ్ చేతిలో ఉంది. అక్కడికి తిండి పంపడానికి దగ్గరి దారి చాద్ దేశంలోని అద్రే అనే సరిహద్దు ఊరు.

అద్రే అవతల ఉన్న ఊళ్లు సైన్యం చేతిలో లేవు. అయినా ఆ దారిలో ఆయుధాలు వస్తున్నాయని చెప్పి, 2024 ఫిబ్రవరిలో అప్పట్లో పోర్ట్ సూడాన్ నుంచి నడిచిన సైన్యం ప్రభుత్వం మూసేయమంది, ఐక్యరాజ్యసమితి లారీలు ఆగిపోయాయి. మళ్లీ తెరిచింది ఆగస్టు 15న. ఆలోపే, ఆగస్టు 1న, ఉత్తర దార్ఫూర్ రాజధాని అల్ ఫాషిర్ పక్కనున్న జమ్‌జమ్ శిబిరంలో కరువు ఉందని అంతర్జాతీయ నిపుణుల కమిటీ ప్రకటించింది. జమ్‌జమ్‌లో అప్పటికే లక్షల మంది ఉన్నారు.

ప్రభుత్వం వద్దన్నా లారీలు దాటాల్సిందేనా, లేక పర్మిషన్ కోసం ఆగాల్సిందేనా? దాటాలనే నేనంటాను. తన చేతిలో లేని ఊరికి అన్నం వెళ్లకుండా ఆపే హక్కు ఏ ప్రభుత్వానికి ఎక్కడినుంచి వచ్చింది?

అడ్వొకేట్_శ్రీధర్:

పద్మ గారూ, మీ బాధ న్యాయమైనదే. కానీ దాటితే ఏమవుతుందో కూడా చూడాలి కదండీ.

అంతర్యుద్ధాలకు వర్తించే జెనీవా రెండో అదనపు ప్రోటోకాల్‌లో సూడాన్ చేరింది. సాయం లోపలికి రావాలంటే ఆ దేశం సమ్మతి కావాలని అందులో ఉంది. కారణం లేకుండా నిరాకరించకూడదన్న సూత్రమూ ఉంది, ఒప్పుకుంటాను. అయితే కారణం ఉందా లేదా అని తేల్చేదెవరు? ఐక్యరాజ్యసమితి ఏజెన్సీల వరకు అది భద్రతా మండలి పని. సిరియా విషయంలో 2014 జులైలో 2165 తీర్మానంతో డమాస్కస్ అనుమతి లేకుండానే నాలుగు సరిహద్దు దారులు తెరిచారు. 2020కి అవి ఒక్క బాబ్ అల్ హవా దగ్గరికి కుదించుకుపోయాయి. 2023 జులైలో రష్యా వీటోతో ఆ ఒక్కటీ పోయింది, చివరికి అసద్ ప్రభుత్వం ఇచ్చిన అనుమతి మీదే నడిచింది. సూడాన్ మీద 2024 నవంబర్‌లో బ్రిటన్, సియెర్రా లియోన్ తెచ్చిన తీర్మానానికి 14 ఓట్లు పడ్డాయి. రష్యా ఒక్కటే వద్దంది, అది కూలిపోయింది. అంటే చట్టం ప్రకారం దారి లేదు.

చట్టం లేకుండా వెళ్తే? ఆ ప్రభుత్వం మనుషుల్ని గెంటేస్తుంది. 2023 జూన్‌లో ఐక్యరాజ్యసమితి ప్రతినిధి ఫోల్కర్ పెర్తెస్‌ని వద్దుపొమ్మన్నారు. 2025 అక్టోబర్‌లో ప్రపంచ ఆహార కార్యక్రమం అధికారులు ఇద్దర్ని వెళ్లిపొమ్మన్నారు. పోర్ట్ సూడాన్ ఓడరేవు మీద ఆధారపడ్డ జనం కూడా లక్షల్లో ఉన్నారు. దార్ఫూర్ కోసం వాళ్లని ఆకలికి వదిలేద్దామా?

ఖార్తూమ్_రిటర్న్:

నేను అక్కడ ఒక ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూసేవాణ్ని. 2023లో మన ప్రభుత్వం నడిపిన ఆపరేషన్ కావేరిలో బయటపడ్డ 3,862 మందిలో నేనూ ఉన్నాను. కాల్పుల విరమణ అంటే లోపలున్నవాడికి ఏంటో చెప్తాను.

మొదటి వారంలో విరమణ అన్న ప్రతిసారీ కిటికీ తీసి చూసేవాళ్లం. రంజాన్ పండగకి మూడు రోజులు ఆపుతామన్నారు, ఆ రోజు పొద్దున్నే ఫిరంగులు మోగాయి. ట్యాంకులో నీళ్లు అయిపోయాయి, కరెంటు లేదు, ఫోన్ చార్జింగ్ టెన్షన్ వేరే. ఏప్రిల్ 24 అర్ధరాత్రి నుంచి అమెరికా మధ్యవర్తిత్వంతో 72 గంటల విరమణ మొదలైంది. అదీ పూర్తిగా ఆగలేదు. కానీ రోడ్డు మీద బస్సు కదిలేంత సందు దొరికింది. డీజిల్ దొరికినవాళ్లు దొరికిన రేటుకి కొన్నారు. చెక్‌పోస్ట్‌లో ఆర్‌ఎస్‌ఎఫ్ కుర్రాళ్లు పాస్‌పోర్ట్ చూసి ‘హింది? హింది?’ (ఇండియనా?) అనేవాళ్లు, పొమ్మనేవాళ్లు. పోర్ట్ సూడాన్‌లో మన నేవీ ఓడ ఎక్కి జెద్దా చేరాం.

మమ్మల్ని ఓడ ఎక్కించడానికి ప్రపంచమంతా ఫోన్లు చేసి కాల్పులు ఆపించింది. విదేశీయులం బయటపడ్డాక ఆ ఫోన్లు తగ్గిపోయాయి. మా గేటు దగ్గర టీ అమ్మే ఆమెకి, మా వాచ్‌మన్‌కి పాస్‌పోర్టే లేదు. శ్రీధర్ గారూ, మా కోసం మూడు రోజులు తుపాకులు ఆపగలిగినవాళ్లు వాళ్ల గోధుమల కోసం ఎందుకు ఆపలేకపోయారో మీ చట్టం చెప్పగలదా?

కర్నూలు_రైతుబిడ్డ:

లారీల గొడవ కాదన్నా. తుపాకులు ఎక్కడినుంచి వస్తున్నాయో అది మాట్లాడండి. దార్ఫూర్‌కి ఆయుధాలు పంపకూడదని 2004 నుంచి నిషేధం ఉంది. అయినా చాద్‌లోని అమ్‌జరాస్ విమానాశ్రయం మీదుగా యూఏఈ నుంచి ఆర్‌ఎస్‌ఎఫ్‌కి ఆయుధాలు వెళ్తున్నాయన్న ఆరోపణల్లో నమ్మదగ్గ విషయం ఉందని 2024లో ఐక్యరాజ్యసమితి నిపుణులే రాశారు. యూఏఈ కాదంటోంది. సైన్యానికి ఇరాన్ డ్రోన్లు వచ్చాయి. మధ్యలో బంగారం వ్యాపారం. 2025 సెప్టెంబర్‌లో మూడు నెలల విరమణ కావాలని ప్రకటన ఇచ్చిన నలుగురు ఎవరు? అమెరికా, సౌదీ, ఈజిప్ట్, యూఏఈ. ఎగదోసేవాళ్లే పెద్దమనుషులుగా కూర్చుంటే పంచాయితీ తెగుతుందా? ముందు ఆయుధాల కుళాయి కట్టేయాలి, అప్పుడే ఏ విరమణ అయినా నిలుస్తుంది.

బెజవాడ_పద్మ:

రైతుబిడ్డ గారూ, మీరు చెప్పింది నిజం. కానీ కుళాయి కట్టేసేలోపు అల్ ఫాషిర్‌లో జనం ఏం తిన్నారో చూడండి. నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్క, మనం గేదెలకు పెట్టేది. వాళ్లు అంబాజ్ అంటారు. నీళ్లలో నానబెట్టి తిన్నారు. 2025 చివర్లో అదీ దొరకలేదు. 2024 మే నుంచి ముట్టడి. ఆర్‌ఎస్‌ఎఫ్ ఊరి చుట్టూ మట్టి కట్ట పోసింది, ఉపగ్రహ చిత్రాల్లో కిలోమీటర్ల పొడవున కనిపిస్తుంది. ముట్టడి ఆపమని 2024 జూన్‌లో భద్రతా మండలి 2736 తీర్మానం చేసింది, రష్యా కూడా వీటో చెయ్యలేదు. 2025 జూన్‌లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ వారం రోజుల విరామం అడిగితే బుర్హాన్ సరేనన్నారు, ఆర్‌ఎస్‌ఎఫ్ ఒప్పుకోలేదు. అక్టోబర్ 26న ఊరు పడిపోయింది. ఆ ఊళ్లోని సౌదీ ఆసుపత్రిలో 460 మందికి పైగా చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

అందుకే ‘ముందు విరమణ, తర్వాత సాయం’ అన్న వరస నాకు ఒప్పదు. ఆ వరస పెడితే విరమణకి ఒప్పుకోనివాడి చేతిలోనే అన్నం కూడా ఉంటుంది. ఈసారి ఆపింది సైన్యం కాదు, ఆర్‌ఎస్‌ఎఫ్. నేను ఒక పక్షం తరఫున మాట్లాడట్లేదు.

లాజిస్టిక్స్_నైరోబి:

హైదరాబాద్ మాది, ఇప్పుడు నైరోబిలో సహాయ సామగ్రి రవాణా పనిలో ఉన్నాను. సంస్థ పేరు చెప్పను. ఇద్దరి వాదనలోనూ డ్రైవర్ లేడు, అది చెప్పాలని వచ్చాను.

2025 జూన్ 2 రాత్రి ఉత్తర దార్ఫూర్‌లో అల్ కూమా దగ్గర 15 లారీలు ఆగి ఉన్నాయి. పోర్ట్ సూడాన్ నుంచి 1,800 కిలోమీటర్లు వచ్చాయి. ఆహార కార్యక్రమం, యూనిసెఫ్ సరుకు. దారి వివరాలు ముందే అందరికీ ఇచ్చారు. అయినా దాడి జరిగింది, ఐదుగురు చనిపోయారు, లారీలు తగలబడ్డాయి. నువ్వు చేశావంటే నువ్వు చేశావని రెండు పక్షాలూ అనుకున్నాయి. శ్రీధర్ గారూ, దానికి పర్మిషన్ కాగితాలు లేక కాదు. పద్మ గారూ, పర్మిషన్ లేకుండా దాటితే ఆ డ్రైవర్ పరిస్థితి ఇంకెలా ఉంటుందో చూడండి. ఆ డ్రైవర్లు ఎక్కువమంది సూడాన్ వాళ్లే.

పర్మిషన్ అంటే ఒక్క సంతకం కూడా కాదు. సైన్యం వైపు ప్రభుత్వ సహాయ కమిషన్ ఒకటి. ఆర్‌ఎస్‌ఎఫ్ తనకంటూ ఇంకో ఏజెన్సీ పెట్టుకుంది. ఇద్దరికీ సరుకు లిస్టు, ఇద్దరికీ మనుషుల పేర్లు, ఇద్దరి దగ్గరా ఎదురుచూపులు. ఈలోపు వానాకాలం వస్తుంది. దార్ఫూర్‌లో ఎండిన వాగులు జూన్ దాటితే పొంగుతాయి, లారీ అక్కడే నిలబడుతుంది. 2024లో అద్రే మూసి ఉత్తరాన తీనే మీదుగా వెళ్లమన్నారు, వానలకి ఆ దారి పోయింది. అద్రే తెరిచింది సరిగ్గా వాగులు పొంగే నెలలో.

సూడాన్‌కి ఇది కొత్త కాదు. 1989లో ఆపరేషన్ లైఫ్‌లైన్ సూడాన్ పెట్టారు, ప్రభుత్వమూ, దక్షిణాది (ఇప్పటి దక్షిణ సూడాన్) తిరుగుబాటుదారులూ ఇద్దరూ ఒప్పుకున్నాకే. చాలామందిని బతికించింది. కానీ ఏ విమానం ఎక్కడ దిగాలో ఖార్తూమ్ చేతిలో ఉండేది. 1998లో దక్షిణాన ఉన్న బహర్ అల్ గజల్‌కి విమానాలు ఆపేశారు, ఆ ఏడే అక్కడ భయంకరమైన కరువు.

నాకు ఆశ ఉన్నది వీధి వంటశాలల మీద. ఎమర్జెన్సీ రెస్పాన్స్ రూమ్స్ అని కాలనీ కుర్రాళ్లూ ఆడవాళ్లూ నడుపుతారు. బయటి నుంచి డబ్బు బంకక్ అనే బ్యాంక్ యాప్‌లో పడుతుంది, బజార్లో దొరికిన పప్పు, జొన్న కొని పెద్ద డేగిసాల్లో వండుతారు. లారీ దాటని చోటికి డబ్బు దాటుతుంది. 2025 మొదట్లో అమెరికా నిధులు ఆగిపోగానే ఇవి వందల కొద్దీ మూతపడ్డాయి. దానికి ఎవరి పర్మిషనూ అడ్డం కాలేదు, దాతలే ఆపారు.

సత్య_గుంటూరు:

లాజిస్టిక్స్ అన్నా, బజార్లో సరుకే లేకపోతే యాప్‌లో డబ్బు ఏం చేసుకుంటారు?

లాజిస్టిక్స్_నైరోబి:

నిజమే తమ్ముడూ. అల్ ఫాషిర్‌లో అదే జరిగింది. బజారు బతికున్నంతవరకే డబ్బు పని చేస్తుంది. కట్ట పోసి ఊరిని మూసేసిన చోట లారీ కావాలి, లేదా ముట్టడి ఎత్తించాలి.

అడ్వొకేట్_శ్రీధర్:

రిటర్న్ గారి ప్రశ్న రెండు రోజులుగా నన్ను వదల్లేదు. జవాబు చట్టంలో లేదు, కాపలాలో ఉంది. 2023 మే 11న జెద్దాలో రెండు పక్షాలూ పౌరుల్ని కాపాడతామని సంతకాలు పెట్టాయి. మే 20న వారం రోజుల విరమణ ఒప్పందం, తర్వాత ఐదు రోజుల పొడిగింపు. మే 31న సైన్యం చర్చల నుంచి బయటికి వెళ్లిపోయింది. నేల మీద నిలబడి ఎవరు తప్పారో చెప్పే మనిషి లేడు.

సూడాన్ దక్షిణ భాగంలోని నూబా కొండల్లో 2002లో జరిగిన విరమణతో పోల్చండి. స్విట్జర్లాండ్‌లోని బ్యూర్గెన్‌స్టాక్‌లో కుదిరింది. ఆయుధాల్లేని విదేశీ పరిశీలకుడు ఒకరు, ప్రభుత్వం మనిషి ఒకరు, తిరుగుబాటుదారు ఒకరు, ముగ్గురూ కలిసి తిరిగి ఫిర్యాదు వచ్చిన ఊరికి వెళ్లేవాళ్లు. 2005 శాంతి ఒప్పందం దాకా నిలిచింది. 1995లో జిమ్మీ కార్టర్ నారికురుపు నిర్మూలన కోసం అడిగిన విరమణ నెలల తరబడి సాగింది, ఆ సందులో వైద్య బృందాలు దక్షిణాదికి వెళ్లగలిగాయి. దేశమంతటికీ ఒకేసారి విరమణ అంటూ కూర్చోకుండా ఒక్కో ప్రాంతానికి అడగాలి, కాపలా పెట్టాలి. అదే నూబా ప్రాంతంలోని కాదుగ్లీలో 2025 నవంబర్‌లో కరువు ప్రకటించాల్సి వచ్చింది.

బెజవాడ_పద్మ:

కాపలా మాట ఒప్పుకుంటాను. కానీ 2002లో ఇద్దరూ అలిసిపోయి ఉన్నారు, బయటి దేశాలు ఒక్క మాట మీద ఒత్తిడి తెచ్చాయి. ఇప్పుడు ఆ రెండూ లేవు. 2025 నవంబర్‌లో ఆర్‌ఎస్‌ఎఫ్ విరమణకి సరేనంది, అల్ ఫాషిర్ చేతికి వచ్చిన పదకొండు రోజుల తర్వాత. కావలసింది దక్కాక ఒప్పుకోవడం తేలికే కదా.

అద్రే అనుమతిని కొన్ని నెలలకోసారి పొడిగిస్తున్నారు. ప్రతి గడువుకీ ఏజెన్సీలు బతిమాలుకోవాలి, ప్రతిసారీ ఆ ప్రభుత్వం ఏదో ఒకటి అడగొచ్చు. ఒకసారి పొడిగించకపోతే ఏం చేస్తారు శ్రీధర్ గారూ? మళ్లీ ఆరు నెలలు ఆగుతారా?

అడ్వొకేట్_శ్రీధర్:

ఐక్యరాజ్యసమితి గుర్తు వేసుకున్న లారీ ఆగుతుంది, ఆగాలి కూడా. స్వచ్ఛంద సంస్థలకు ఆ బంధనం లేదు, సిరియాలో 2014కి ముందే వాళ్లు దాటారు. వాళ్లకి ఇప్పటినుంచే డబ్బూ గోడౌన్లూ ఇచ్చి సిద్ధం చేయమంటాను. అంతకు మించి నేను రాలేను.

ఖార్తూమ్_రిటర్న్:

అయితే ఆ సిద్ధం చేసే పని వానలు రాకముందే కావాలి. జూన్‌లో గడువు ముగిసిందంటే అప్పుడు ఎవరి గుర్తున్న లారీ అయినా వాగు దాటదు.