రోడ్డు కింద ఫైబర్ డక్ట్ కోసం కార్పొరేషన్‌కి అప్పు పుడుతుందా?

అందరికీ నమస్కారం. మాది బెంగళూరులో మారతహళ్ళి దగ్గర పాత లేఅవుట్. చెట్టుకీ చెట్టుకీ మధ్య వేలాడే కేబుళ్ళు, వాటికోసం ఎవరో ఒకరు తవ్వుతూనే ఉండే రోడ్డు. మొన్న మా నీళ్ళ పైపు కూడా పగిలింది, అది వేరే కథ. "లెక్కలు తెలిసినవాడివి, నువ్వే కనుక్కో" అని కాలనీ సంఘం వాళ్ళు నా మీద పెట్టారు.

కార్పొరేషనే ఒకసారి డక్ట్ (రోడ్డు కింద కేబుళ్ళు పోయే గొట్టం) వేసి, ఇంటర్నెట్ ఫైబర్ దింపి, అన్ని ఇంటర్నెట్ కంపెనీలకూ అద్దెకిస్తే? స్టాక్‌హోమ్ నగరం 1994లో స్టోకాబ్ అనే సొంత కంపెనీ పెట్టి చేస్తున్నది ఇదే. అమెరికాలో చట్టనూగా ఊరి కరెంటు సంస్థ ఈపీబీ బాండ్లు (వడ్డీతో తిరిగి కడతామని రాసిచ్చే అప్పు పత్రాలు) అమ్మి, సుమారు 11 కోట్ల డాలర్ల కేంద్ర గ్రాంటు కలిపి ఫైబర్ వేసింది, 2010లోనే గిగాబిట్ వేగంతో ఇంటర్నెట్ ఇచ్చింది. బాండ్లు మనకూ కొత్త కాదు. 1997లో బెంగళూరు పాలికె (అప్పటి నగర కార్పొరేషన్) బాండ్లతో 125 కోట్లు తెచ్చింది, కాకపోతే రాష్ట్ర ప్రభుత్వ హామీతో.

నా సందేహమల్లా ఒకటే. రాబోయే డక్ట్ అద్దెను చూపిస్తే అప్పిస్తారా, లేక ఆస్తి పన్ను ఆదాయాన్ని తాకట్టు పెట్టాల్సిందేనా? మొదటి మూడు నాలుగేళ్ళు అద్దె సరిగా రాకపోతే వడ్డీ ఎక్కణ్ణుంచి కడతారు? నాకు టెన్షన్ అక్కడే. మునిసిపల్ ఫైనాన్స్‌లో పనిచేసినవాళ్ళెవరైనా ఉంటే కాస్త చెప్పండి, ఆదివారం మీటింగ్ ఉంది.