"మనది ఏ ఊరండీ?": ఇక్కడ "మన" తప్పా?

ముక్కూ మొహం తెలియని మనిషిని "మనది ఏ ఊరండీ?" అని అడగడం తప్పు ప్రయోగమనీ, అక్కడ "మీది" అనే ఉండాలనీ నిన్న మిత్రులొకరు రాశారు. తెలుగులో నాకు ఎంతో ఇష్టమైన ప్రయోగాల్లో అదొకటి కనుక, ఆ అభిప్రాయంతో ఎందుకు ఏకీభవించలేనో కొంచెం వివరంగా చెబుతాను.

ఎదుటివారిని కలుపుకుంటే "మనము", కలుపుకోకపోతే "మేము". తమిళంలోనూ నామ్, నాంగళ్ అని ఈ తేడా ఉంది. నేటి కన్నడంలో రెండింటికీ "నావు" ఒక్కటే, హిందీ "హమ్" కూడా అంతే. మన పాత కావ్యాల్లో "మేము"కు "ఏము" అనే రూపం కనిపిస్తుంది. రూపం మారింది గానీ తేడా చెరగలేదు. "మేం సినిమాకి వెళ్తున్నాం" అనగానే, తనకు పిలుపు లేదని పక్కింటి పిల్లవాడికి కూడా అర్థమైపోతుంది.

ఇంత కచ్చితంగా గీత గీసుకున్న భాషలో, కొత్తవారి ఊరు అడిగేటప్పుడు మాత్రం ఆ గీతను తెలిసే దాటుతాం. ఆటో అతను "మనం ఎక్కడికెళ్ళాలండీ?" అంటే అందులో విశేషం లేదు, ఇద్దరూ కలిసే వెళ్తారు. బట్టల కొట్లో "మనకి ఏ రంగు చూపించమంటారు?" అన్నప్పుడు మాత్రం చీర కావలసింది ఒక్కరికే. "తమరిది ఏ ఊరు?" అన్నా మర్యాదే, కానీ అది ఎదుటివారిని ఎత్తున కూర్చోబెట్టి తాను దూరంగా నిలబడే మర్యాద. "మనది" అన్న మాట వచ్చి పక్కన కూర్చుంటుంది.

ఇదే "మన"ను గిరి గీయడానికి వాడేవారూ ఉన్నారు. "మనవాళ్ళేనా?" అన్న ప్రశ్న కులం తెలుసుకోవడానికేనని మనందరికీ తెలుసు. అది విన్నప్పుడల్లా, ఇంత మంచి మాటకు ఈ గతి పట్టిందేమిటని నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఊరు అడిగే "మన"కు ఆ మలినం అంటకుండా చూసుకోవాలని నా కోరిక.

ఒకసారి తెనాలిలో రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. ఎదుటి బల్ల మీద ఒక మామ్మగారు, ఒళ్ళో తడిగుడ్డ పరుచుకుని కనకాంబరాలు మాల కడుతున్నారు. నేను నిలబడి ఉండడం చూసి బుట్టను కాళ్ళ దగ్గరికి లాక్కుని, చోటు చూపించి, "మనది ఏ ఊరమ్మా?" అన్నారు. "మాది వేమూరండీ" అన్నాను. ప్రశ్నలో "మనది", జవాబులో "మాది": ఆవిడ కలుపుకుంటే నేను వ్యాకరణం ప్రకారం విడదీసినట్టే లెక్క, అయినా ఇద్దరికీ లోటు అనిపించలేదు. "మాది భట్టిప్రోలు. అయితే పక్క పక్క ఊళ్ళే మనవి" అన్నారు దారం ముడి వేస్తూ. ఆ మూడో మాటలోని "మన"లో ఏ వ్యాకరణవేత్తా తప్పు పట్టలేడు, కానీ మొదటి "మన" లేకపోతే అక్కడిదాకా వచ్చేవాళ్ళం కాము. ఒకరి పేరు ఒకరం అడగలేదు. వేమూరులో లేచి "వస్తానండీ" అంటే, "మంచిదమ్మా" అన్నారు. స్టేషను దాటి ఇల్లు చేరేదాకా ఆ సంతోషం నాతోనే నడిచింది.