పక్కింటి సజ్జ మా స్థలంలోకి వస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది ఖమ్మంలో 150 గజాల పాత ఇల్లు, అమ్మ పేరు మీద ఉంది. పక్కింటాయన పాతిల్లు పడగొట్టి కొత్తది కడుతున్నారు. మధ్యలో ఖాళీ వదల్లేదు. శ్లాబుకు సెంట్రింగ్ కొట్టారు, సజ్జ మా ప్రహరీ దాటి అడుగున్నర ముందుకొచ్చింది. వానొస్తే నీళ్లన్నీ మా వాకిట్లోకే. అడిగితే "మీ నాన్న ఉన్నప్పుడే ఒప్పుకున్నారు" అంటున్నారు. స్టేషన్‌కి వెళ్తే సివిల్ మ్యాటర్ అన్నారు. కిటికీలూ మా వైపే పెడుతున్నారు. అమ్మకి ఒకటే టెన్షన్.

జవాబు: శ్లాబు పోయకముందే కదలండి. పోశాక కొట్టించడానికి ఏళ్లు పడుతుంది, ఒక్కోసారి నష్టపరిహారంతో సరిపెట్టుకోమంటారు.

మీవి రెండు వేర్వేరు గొడవలు. ఖాళీ వదలకపోవడం, ప్లాన్‌కు విరుద్ధంగా కట్టడం మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ వాళ్లు చూడాలి. అమ్మ సంతకంతో ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. ప్లాన్ కాపీకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు గానీ దానికి 30 రోజుల గడువుంటుంది, ఈలోపు శ్లాబు ఆరిపోతుంది. హద్దు దాటడం మాత్రం సివిల్ కోర్టు పని. ఆ స్థలం ఎవరిదో మున్సిపాలిటీ తేల్చదు.

నాన్నగారి మాట సంగతి తేలిగ్గా తీసుకోకండి. నోటి మాటతో స్థలం చేతులు మారదు, అది నిజమే. కానీ 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం (ఇతరుల స్థలంపై ఉండే వాడకపు హక్కులు, అనుమతుల చట్టం) 60వ సెక్షన్ ప్రకారం, అనుమతి నమ్ముకుని డబ్బు ఖర్చుపెట్టి శాశ్వత కట్టడం కట్టేస్తే, ఆ అనుమతిని తర్వాత వెనక్కి తీసుకోవడం కుదరదు. ఆయన రేపు కోర్టులో ఇదే వాదిస్తారు. అందుకే "మేం ఒప్పుకోలేదు, ఒప్పుకోం" అని లాయర్ నోటీసు ఈ వారమే స్పీడ్ పోస్టులో పంపండి. సెంట్రింగ్ ఫొటోలు తేదీతో సహా ఉంచుకోండి.

ఇంకొకరు: నోటీసుకు ముందు కొలతలు చూసుకోవాలి, అన్నా. దస్తావేజులో నాలుగు వైపులా అడుగులు ఉంటాయి, లింకు డాక్యుమెంట్లతో (అదే స్థలం పాత దస్తావేజులతో) సరిపోతున్నాయో లేదో చూడండి. మీ పాత ప్రహరీయే అడుగు లోపలికి కట్టి ఉంటే లెక్క వేరు. ఎదురు మనిషి ప్రహరీ అవతలే ఆగినా మీ స్థలంలోనే ఉన్నట్టు. కేసు వేసినప్పుడు అడ్వొకేట్ కమిషనర్‌ని (కోర్టు తరఫున స్థలం చూసే లాయర్‌ని) వేయమని అడగండి, సర్వేయర్‌తో వచ్చి కొలిచి రిపోర్టు ఇస్తారు. తాత్కాలిక ఇంజంక్షన్ (కేసు తేలేదాకా పని ఆపమనే కోర్టు ఉత్తర్వు) పిటిషన్ కూడా కేసుతోపాటే వేయాలి.

ప్రశ్న: లాయర్ ఫీజు భరించలేం. కిటికీల సంగతి కూడా చెప్పండి.

జవాబు: ఇల్లు అమ్మగారి పేరు మీద ఉందన్నారు కదా, అది మంచిదైంది. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయర్‌ని ఇస్తారు. కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, ఆధార్, దస్తావేజు కాపీ పట్టుకెళ్లండి. అక్కడే రాజీకి పిలిపించమనీ అడగొచ్చు. లోక్ అదాలత్‌లో (ఆ సంస్థ నడిపే రాజీ వేదికలో) కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో, అంటే తీర్పుతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. కాబట్టి చదవకుండా సంతకం పెట్టొద్దు.

కిటికీలకు మామూలుగా కోర్టు దాకా వెళ్లక్కర్లేదు. వాటి ఎదురుగా మీ స్థలంలో మీరు గోడ లేపుకోవచ్చు. ఆయన 20 ఏళ్లు అడ్డు లేకుండా వెలుతురు, గాలి అనుభవిస్తే మాత్రం అది హక్కవుతుంది. ముందు సజ్జ ఆపండి.