అప్‌డేట్: ఫంక్షన్ హాల్ వీడియోలో నల్ల చారలు, సమస్య తీరింది

మా చెల్లి ఓణీల ఫంక్షన్ వీడియోలో నల్లటి అడ్డచారలు పాకుతున్నాయని పోయిన నెల అడిగాను కదా, కారణం దొరికింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

షట్టర్ స్పీడ్ (ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుగు తీసుకునే సమయం) చూడమన్నవారి మాటే నిజమైంది. కెమెరా ఎన్‌టీఎస్‌సీలో (60 హెర్ట్జ్ కరెంటున్న అమెరికా లాంటి దేశాల వీడియో పద్ధతి) ఉంది: సెకనుకు 30 ఫ్రేములు, షట్టర్ 1/60 సెకను. మన కరెంటు 50 హెర్ట్జ్. అందుకే హాల్లోని ఎల్‌ఈడీలు దానికి రెట్టింపు, అంటే సెకనుకు 100 సార్లు మినుకుమంటున్నాయి, దానికి 1/60 పొసగదు: ఆ సమయంలో మినుకులు పూర్తి లెక్కలో పడవు. 50 హెర్ట్జ్ దేశాల పద్ధతి అయిన పాల్‌ (PAL)కి మార్చి, 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టి అదే హాల్లో మళ్లీ తీసి చూశాను. చారలు పోయాయి. ఈ మార్పు చేస్తే కొన్ని కెమెరాలు కార్డు ఫార్మాట్ చేయమంటాయి, ముందే కాపీ చేసుకోండి.

స్టేజీ వెనక డిమ్మర్ పెట్టిన రంగు లైట్లు మాత్రం అప్పుడూ వణికాయి. డిమ్మర్ పూర్తిగా పెంచమంటే ఆగాయి.

మెమరీ కార్డుకీ, లెన్స్‌కీ దీనితో సంబంధమే లేదు. కొత్త కార్డు అనవసరంగా కొన్నాను.

పాత ఫుటేజీకి డావిన్చీ రిజాల్వ్ స్టూడియో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో డీఫ్లికర్ (మినుకులు తగ్గించే ఎఫెక్ట్) వేయించాం, ఉచిత వెర్షన్‌లో అది లేదు. తెల్ల గోడ మీద చారలు ఇంకా కనిపిస్తున్నాయి కానీ ముఖాల మీద బాగా తగ్గాయి. అమ్మ హారతి ఇచ్చే ముక్క దక్కింది, నాకు అది చాలు.