'మదర్!' సినిమా ముగింపు గురించి: బైబిల్ బాగా తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. డారెన్ అరొనోఫ్‌స్కీ 2017లో తీసిన 'మదర్!' సినిమాను మొన్న ఫ్రెండ్స్‌మి కలిసి చూశాం. అప్పటినుంచీ ఒకటే వాదన. ఒకడు సగంలోనే లేచి టీకి వెళ్లిపోయాడు. చర్చికి వెళ్లే కుటుంబం నుంచి వచ్చిన నా స్నేహితురాలు, జనం చేతుల మీదుగా పసిబిడ్డను లాగేసుకుపోయే సీన్ దగ్గర ఏడ్చేసింది. ఇది దైవదూషణ అంటోంది. అమెరికా ప్రేక్షకులు కూడా సినిమాస్కోర్‌లో (సినిమా చూసినవాళ్లను అడిగి గ్రేడ్ చెప్పే సర్వే) 'ఎఫ్' గ్రేడ్ ఇచ్చారట. నాకు మాత్రం చాలా గొప్పగా అనిపించింది.

సినిమాలో ఒక కవి, అతని భార్య ఉండే ఇంటికి వరసగా జనం వచ్చిపడతారు. అందులో కవి దేవుడు, ఆ ఇల్లు భూమి, మొదట వచ్చే దంపతులు ఆదాము హవ్వలు, కొట్టుకునే అన్నదమ్ములు కయీను హేబెలు, సింకు ఊడి నీళ్లు చిమ్మడం జలప్రళయం. ఇంతవరకూ మాలో ఎవరికీ పేచీ లేదు.

కవి భార్య నీళ్లలో కలుపుకుని తాగే పసుపు రంగు పొడి దేనికి గుర్తు?

ముగింపు మరీ టెన్షన్ పెడుతోంది. అంతా కాలి బూడిదయ్యాక కవి ఆమె గుండెలోంచి స్ఫటికం తీస్తాడు, ఇల్లు మళ్లీ మొదలవుతుంది. ప్రళయం, మళ్లీ సృష్టి అని మనం పురాణాల్లో వినేదే కదా ఇది! బైబిల్ చివరి పుస్తకం ప్రకటన గ్రంథంలోని 'కొత్త ఆకాశం, కొత్త భూమి' కూడా ఇదేనా, లేక దర్శకుడు వేరే నమ్మకాన్ని కలిపాడా?

విశ్వాసం ఉండి కూడా ఈ సినిమా నచ్చినవాళ్లుంటే దయచేసి రాయండి. ఆ అమ్మాయి మనసు నొప్పించకుండా మాట్లాడాలని ఉంది.