ప్రొజెస్టిరాన్ వేసుకునే ఆ 12 రోజులు ఎలా నెట్టుకొస్తున్నారు?

అందరికీ నమస్తే. నాకు 51, పీరియడ్స్ ఆగిపోయి ఏడాదిన్నర అయింది, ఒంట్లోంచి ఆవిర్లు, రాత్రుళ్ళు చెమటలు, నిద్ర లేదు, ఇక తట్టుకోలేక నాలుగు నెలల క్రితం హార్మోన్ థెరపీ మొదలుపెట్టా. రోజూ ఈస్ట్రోజెన్ జెల్, నెలకి 12 రోజులు రాత్రిపూట 200 మి.గ్రా. మైక్రోనైజ్డ్ (సన్నటి పొడి చేసిన) ప్రొజెస్టిరాన్ హార్మోన్ క్యాప్సూల్. జెల్‌తో నిజంగా ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ 12 రోజులు మాత్రం నేను నేనులా ఉండను... పొట్ట ఉబ్బరం, రొమ్ముల్లో సలుపు, పొద్దున తల దిమ్ము, ఊరికే ఏడుపు, ఇంట్లో వాళ్ళ మీద అరుపులు, అరిచాక మళ్ళీ నాకే బాధ.

ప్రొజెస్టిరాన్ మానేయమని మాత్రం చెప్పకండి ప్లీజ్, గర్భసంచి ఉంది కాబట్టి ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే లోపలి పొర మందమై క్యాన్సర్ రిస్క్ పెరుగుతుందని తెలుసు. ఇదివరకు భోజనం అవ్వగానే వేసుకునేదాన్ని, తిండితో కలిస్తే మందు రక్తంలోకి ఎక్కువ చేరుతుందంట, ఇప్పుడు రెండు గంటలు ఆగి పడుకునే ముందు వేసుకుంటున్నా. మత్తు కాస్త తగ్గింది, మూడ్ మాత్రం అలాగే ఉంది.

రోజూ 100 మి.గ్రా.కి మారినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? అదే క్యాప్సూల్ నోటితో కాకుండా యోనిలో పెట్టుకుంటే తల దిమ్ము తగ్గిందా? గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ వేయించుకున్నవాళ్ళకి మూడ్ ఎలా ఉంది? వచ్చే వారం డాక్టర్‌ గారిని కలుస్తున్నా, ఏం అడగాలో చెప్పినా చాలు.